కారణం రాయాల్సిన గడి

మా ఆయన ఫోన్ చేసేసరికి నా చేతిలో పేషెంటు దగ్గర అప్పుడే తీసిన, ఇంకా వెచ్చగా ఉన్న రక్తపు గొట్టం ఉంది.

"పాప నీలం సాక్సు ఎక్కడ పెట్టావ్?"

"అలమారలో, రెండో అర, ఎడమ పక్క."

"లేవిక్కడ."

కళ్ళెదుటి వస్తువు కనబడకపోవడం ఆ ఇంటి మగవాళ్ళకి వంశపారంపర్యం. ఈలోగా అత్తగారు ఫోనందుకున్నారు. "ఉన్న డాక్టరీ చాలదా అమ్మా, ఈ వయసులో మళ్ళీ చదువేంటి?" ల్యాబు ఉన్న కింది అంతస్తులో సిగ్నలుండదు. పెద్దావిడ మాట మధ్యలో ఫోను పెట్టేయలేక మెట్ల దగ్గరే నిలబడిపోయాను. ల్యాబుకి చేరేసరికి అరగంట దాటింది. అరగంటలోపు యంత్రంలో తిప్పని రక్తం నా పరిశోధనకి పనికిరాదు. "నా తర్వాతవాళ్ళకైనా ఉపయోగపడనీ" అంటూ చెయ్యి చాపిన పేషెంటు ముఖం గుర్తొచ్చి ఒళ్ళు మండింది. ఆ గొట్టాన్ని నా చేత్తోనే పారేశాను.

పన్నెండేళ్ళుగా కిడ్నీ డాక్టర్ని. జబ్బు ముదరకముందే రక్తంలో దాన్ని పట్టుకోవాలని, డాక్టర్లకిచ్చే పరిశోధన శిక్షణలో చేరాను. ఏడాదిలో నలభై నమూనాలు భద్రం చెయ్యకపోతే సీటు పోతుంది. నెల మిగిలింది, ఇంకా పదకొండు కావాలి. పారేసినవి తొమ్మిది. తొమ్మిదింటికీ రిజిస్టరులో "సాంకేతిక కారణం" అనే రాశాను. మా ఆయన పీహెచ్‌డీ రాసిన రోజుల్లో ఆయన గదిలోకి కాఫీ కూడా చప్పుడు కాకుండా తీసుకెళ్ళినదాన్ని. ఇంటి పరువు రిజిస్టరులో ఎలా పెడతాను?

మా గైడు పేజీలు తిప్పి కళ్ళద్దాలు తీశారు. "నీ ఒక్కదానికే చెడిపోయే యంత్రమేంటమ్మా? ఇల్లూ సంసారం ఉన్నవాళ్ళకి ఇది కష్టం, ఆలోచించుకో. అయినా కారణం ఉన్నదున్నట్టు రాయకపోతే అది పరిశోధన కాదు."

రెండోమాట నిజం. మర్నాడు పొద్దున్నే రిజిస్టరు తెరిచి, పాత కారణాలను ఒక్కో గీతతో కొట్టేసి పక్కన సంతకం పెట్టాను. ఒకటోది: ఆయన చొక్కా గుండీ. రెండోది: ఉప్పు డబ్బా ఎక్కడని ఫోను. మూడోది: చుట్టాలొస్తున్నారు, తొందరగా రమ్మని. అలా తొమ్మిదోదానికి వచ్చాను: సాక్సు.

గైడు నా భుజం మీంచి చూసి ఇబ్బందిగా కదిలారు. "ఇవన్నీ ఇందులో అవసరమా?"

"ఉన్నదున్నట్టు రాయమన్నారు కదా సార్."

పక్కన ఇన్నాళ్ళూ ఖాళీగా వదిలేసిన గడి ఉంది: మళ్ళీ జరగకుండా తీసుకున్న చర్య. అందులో నింపాదిగా రాశాను.

నా ఫోను ఇంట్లో వదిలి వచ్చాను. అలమారలో, రెండో అర, ఎడమ పక్క.