వదలని కురో

మా కొండల్లో మాటనీ కురో అంటారు, బట్టలకు అంటుకునే గింజనీ కురో అనే అంటారు. నీలిపూలు రాలాక ఆ మొక్కకు మిగిలేది ఆ గింజే. పట్టుకుందా, ఇక వదలదు.

ఈ ఏడు పై వాలు మూసేశారు. గడ్డి సర్కారుదట! మా అమ్మమ్మలు కోసిన గడ్డి సర్కారుది ఎప్పుడైందట? మేం ఆడాళ్లం వెళ్లి కోశాం. నా బర్రె ఈనింది. దానికి ఉత్తర్వులు మేపమంటారా?

దిగి వస్తుంటే ఊరి మొదట్లోనే అడవి కాపలాదారు టోప్ బహాదుర్ అడ్డం పడ్డాడు. మాకు వాడు ఉత్త టోపే.

"కురో పై వాల్లో తప్ప ఎక్కడా లేదు. ఎవరి బట్టలకు ఉంటే వాళ్ల కొడవలి నాది. కదలకండి!"

కొడవలి పోతే నా బర్రె పస్తే. వాడు మాత్రం తాపీగా కుళాయి దగ్గర మొహం కడుక్కోవడానికి వెళ్లాడు.

మాలో పెద్దది దిల్‌మాయా దీదీ నడుముగుడ్డ విప్పింది. దాని నిండా గింజలే. గింజలు పైకి వచ్చేలా పక్కనున్న ఇంటి అరుగు మీద పరిచింది. ఆ ఇంటి గడపలో నిలబడి చూస్తున్న టోపే అత్తగారిని "ఎన్నాళ్లయింది అత్తా!" అంటూ గట్టిగా వాటేసుకుంది.

"పొద్దున్నేగా చూశావు, పిచ్చిదానా!" అంది ముసలమ్మ.

టోపే తిరిగొచ్చాడు.

"కూచో తమ్ముడూ, అలిసిపోయావు" అంది దీదీ. దర్జాగా కూచున్నాడు.

"ఇక ఒక్కొక్కరే రండి."

"పెద్దవాళ్ల నుంచి మొదలుపెట్టు. మీ అత్తగారి కొంగు చూడు" అంది దీదీ.

చూశాడు. మొహం పాలిపోయింది.

"నా కొడవలి ముట్టుకో, చెయ్యి విరగ్గొడతా!" అంది ముసలమ్మ.

ఉలిక్కిపడి లేచాడు. ఊరంతా ఒక్కసారే నవ్వింది. పాంటు వెనక గింజ లేని చోటు మిగల్లేదు. తడుముకున్నాడు. వేళ్లకూ అంటుకున్నాయి.

"సాయంత్రం మీ సాబ్ వస్తాడటగా! వాలు ఎవరు తొక్కారని అడిగితే వెనక్కి తిరిగి చూపిస్తావా?" అన్నాను నేను.

"దీదీ, తీసెయ్యవా... నీకు దణ్ణం పెడతా."

"కొడవళ్ల మాట?"

"ఏ కొడవళ్లు? నేనేం చూళ్లేదు."

"అయితే గోడకి తిరుగు. తల తిప్పావో, మళ్లీ అంటిస్తా."

తిరిగాడు. దీదీ ఒక్కో గింజా పీకుతూ మాకు కన్ను గీటింది. మేం గడ్డి దింపి, బుట్టలు దులిపి మళ్లీ పై వాలెక్కాం.