బోణీ మనిషి కొలత

...అయినా ఆ అంకెలు తనవి కావు. ఎవరైనా అడిగితే ఆ మాట చెప్పవచ్చు. ఆరేళ్ళుగా ఎవరూ అడగలేదు కాబట్టి స్కాన్ టెక్నీషియన్ ఉదయభాస్కర్ దాన్ని తనకే చెప్పుకుంటూ వచ్చాడు. జగ్గయ్యపేటలో బస్సెక్కి కూర్చున్నప్పుడు, నందిగామలో దిగి స్కాన్ సెంటర్ వైపు నడిచేటప్పుడు. ఇప్పుడు సీటీ యంత్రం తెర ముందు కూర్చుని కూడా చెప్పుకున్నాడు. ఇవాళ ఎందుకో ఆ మాట పని చెయ్యలేదు.

తెర పక్కన గోడకి అంటించిన కాగితం ఉంది. "పొట్ట: 120 కిలోవోల్టులు. మందు 100 మి.లీ." ఏటా దసరాకి యంత్రానికి పూజ చేసినప్పుడు నర్సు పుష్పవతి ఆ కాగితానికి కూడా పసుపు రాసి బొట్టు పెడుతుంది. ఒక సున్నా కుంకుమలో ఎప్పుడో మునిగిపోయింది. అంకెలు అందరికీ నోటికొచ్చు కాబట్టి ఇబ్బంది లేదు.

అవి ఎక్కణ్ణుంచి వచ్చాయో మాత్రం ఇక్కడున్న వాళ్ళలో అతనొక్కడికే తెలుసు. ఆరేళ్ళ కిందట, 2002లో, అతని కళ్ళ ముందే యంత్రం బిగించిన రోజు, కొబ్బరికాయ కొట్టాక, బోణీ మనిషి కావాలన్నారు. యజమాని బావగారు బ్రహ్మయ్య ముందుకొచ్చాడు. తొంభై ఎనిమిది కిలోలు. "ఎట్లాగూ కడుపులో మంటగా ఉంటంది, నన్నే చూడండయ్యా" అని బల్లెక్కాడు. కంపెనీ ఇంజనీరు ఆ పొట్టకి తగ్గట్టు అంకెలు సరిచేశాడు. బొమ్మ చక్కగా వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఇంజనీరు ఆ అంకెల్నే కాగితం మీద రాసి, అంటించి, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచీ ఆ బల్ల మీద పడుకున్న ప్రతి పొట్టా బ్రహ్మయ్యగారి పొట్టే.

ఇవాళ్టి పొట్ట లహరిది. ముక్త్యాల అమ్మాయి, పందొమ్మిదేళ్ళు, ముప్పై ఏడు కిలోలు. చిన్నపేగుకి వాపు. తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తుంది. పద్నాలుగు నెలల్లో ఇది మూడో స్కాను. ఆ జబ్బుతో ముందు ముందు ఇంకా ఎన్నిసార్లు తీయించుకోవాలో ఎవరికీ తెలీదు. ఒంట్లోకి వెళ్ళిన రేడియేషన్ లెక్క పెరగడమే గాని తగ్గడం ఉండదు. నరంలోకి ఎక్కించే అయొడిన్ మందేమో కిడ్నీల గుండా బయటికి పోవాలి. కిడ్నీ రిపోర్టు బాగానే ఉంది, కాకపోతే హద్దుకి కాస్త ఇవతలే.

అతను వరండాలోకి వచ్చాడు. పేగులు విచ్చుకోవడానికి ఇచ్చిన మందునీళ్ళు లహరి గంట నుంచీ తాగుతోంది.

"ఇంకెంతండీ?"

"ఇంకో అరలీటరు."

"పోయినసారి కూడా అరలీటరన్నారు. తర్వాత ఇంకో గ్లాసు తెచ్చారు. మా పాలాయన అరలీటరు తగ్గుద్ది, మీది పెరుగుద్ది."

"నోర్మూసుకుని తాగవే" అంది తల్లి కమలాకుమారి. అతని వైపు తిరిగింది. "బాబూ, ఈసారన్నా గట్టిగా తియ్యండి. మందు ఇంకాస్త ఎక్కువ పట్టినా పర్లేదు. లోపలేముందో తేలిపోవాలి."

"నీకు గట్టిగా కావాలంటే నువ్వు పడుకో అమ్మా" అంది లహరి. గ్లాసు దించి అతన్ని చూసింది. "మీరేమో తలుపేసుకుని అద్దం అవతలికి పోతారు. మరి నాకేం కాదా?"

"ఏం కాదమ్మా."

గొంతు మెత్తగా, సమంగా పలికింది. పోయిన రెండుసార్లూ ఇదే ఎత్తులో పలికింది. ఆ గొంతుని అతను కొంచెం దూరం నుంచి విన్నాడు. అబద్ధం చెప్తున్న మనిషి గొంతు వణుకుతుందంటారు. అలవాటయిన అబద్ధానికి వణుకు ఉండదు.

నిరుడు విజయవాడలో రెండ్రోజుల శిక్షణలో అతను ఒక సంగతి రాసుకున్నాడు. పలచటి మనిషికి వోల్టేజి తగ్గించి తీస్తే రేడియేషన్ తగ్గుతుంది. పైగా అయొడిన్ మరింత తెల్లగా కనిపిస్తుంది కాబట్టి మందు కూడా తగ్గించవచ్చు. బొమ్మ మీద ఇసుక చల్లినట్టు కొంత గరుకు వస్తుంది, అంతే. నమ్మకం కుదరక ఒక ఆదివారం నీళ్ళ డబ్బాలో మందు సీసా ఉంచి నూట ఇరవై కిలోవోల్టుల దగ్గరా, వంద దగ్గరా తీసి చూసుకున్నాడు. చెప్పినట్టే వచ్చింది. డబ్బా కడిగి పెట్టేశాడు. సోమవారం మళ్ళీ నూట ఇరవై.

ఎందుకని? ఫిల్ములు చూసే డాక్టరుగారంటే భయమని అనుకునేవాడు. లోపలికి ఇంకొంచెం దిగి చూస్తే భయం కాదు, సుఖం. కాగితం చెప్పింది చేసినంతకాలం తప్పు కాగితానిది.

గదిలోకి వచ్చి, ఆ డాక్టరు భవానీప్రసాద్‌కే ఫోన్ చేశాడు. సంగతంతా చెప్పాడు. చెబుతున్నంతసేపూ వద్దనిపించుకోవాలనే ఉంది.

"ఆరేళ్ళ నించి లేని తెలివి ఇవాళెక్కణ్ణించి వచ్చిందయ్యా?" డాక్టరు నవ్వాడు. "చెప్పేది సబబే. గరుగ్గా ఉంటే నేను చదువుకుంటాలే. అసలేం కనపడకపోతే మాత్రం మళ్ళీ తియ్యాల్సొస్తది, అప్పుడు ఆ పిల్లకి రెండింతలు. అక్కడ మనిషిని చూస్తోంది నువ్వు. నీ ఇష్టం."

ఫోన్ పెట్టేశాడు. కాదంటే బస్సులో చెప్పుకోవడానికి ఇంకో ఆరేళ్ళకి సరిపడా మాట దొరికేది. నీ ఇష్టం అన్నాడు. అంతకంటే నిర్దయగా ఇంకేమీ అనలేడు.

లహరి బల్ల మీద పడుకుంది. పక్కన రెండు జానల ఖాళీ. అంత ఖాళీ అతను ఎన్నో వందల మంది పక్కన చూశాడు. పుష్పవతి అయొడిన్ సీసా మూత తీస్తూ అడిగింది.

"వందేగాండీ?"

"యాభై."

ఆమె గోడ మీది కాగితం వైపు చూసింది. "వందని ఉందిగా."

"అది బ్రహ్మయ్యగారికి."

"ఆయనెవరండీ?"

"తర్వాత చెప్తా. యాభై చాలు."

"మీరన్నారని రాస్తా మరి" అంది పుష్పవతి, నొచ్చుకున్నట్టుగా.

"రాయి."

మందు సగానికి తగ్గింది. ఇక వోల్టేజి కూడా ఒక మెట్టు, వందకి, తగ్గించకపోతే బొమ్మ మసకే వస్తుంది. తగ్గిస్తే ఏం వస్తుందో నీళ్ళ డబ్బా చెప్పింది గాని, డబ్బాకి పేగులుండవు. పుష్పవతి బయటికి వచ్చి తలుపు వేసింది. అద్దం అవతల లహరి చేతులు తల పైకి పెట్టుకుని, పైకప్పు చూస్తూ, అతను చెప్పకుండానే ఊపిరి బిగబట్టడం సాధన చేస్తోంది.

ఉదయభాస్కర్ తెర మీది 120ని చూశాడు. కింది బాణం మీట మీద వేలు పెట్టి, ఒక్కసారి నొక్కాడు.