ఎడమకాలి పని

ఆ మొక్కల నర్సరీలో అందరూ ఆయన్ని బాబాయ్ అనే పిలిచేవాళ్ళు. నిజానికి ఆయన బాబాయి అయ్యేది ఒక్క యజమానురాలికే, అన్న కూతురు గనక. మిగతావాళ్ళు ఆమె నోట విని అలవాటు చేసుకున్నారు. ఆయన దానికేం అనుకునేవాడు కాదు. ఆయన పట్టుదల అంతా ఒక్క విషయంలోనే: తన ట్రాక్టర్ మీద ఇంకొకరు చెయ్యి వేయకూడదు.

వేద్దామన్నా ఎవరికి సాధ్యం? ఆ ట్రాక్టర్ వయసు ఆయన వయసులో సగమే గానీ, తిక్క మాత్రం రెట్టింపు. రెండో గేరు వేసి మోకాలితో అదిమిపట్టకపోతే జారిపోతుంది. క్లచ్ సంగతి మరీ ఘోరం. పెడల్ దాదాపు మొత్తం పైకి వచ్చేదాకా ఉలుకూ పలుకూ ఉండదు, ఆ చివరి వేలెడు మేరలో ఒక్కసారిగా పట్టుకుంటుంది. ఆ వేలెడు ఎక్కడ మొదలవుతుందో లోకం మొత్తం మీద బాబాయి ఎడమకాలికి ఒక్కదానికే తెలుసు. ఆ కాలి పుణ్యమా అనే తనకింకా ఇక్కడ చోటుందని ఆయన గట్టి నమ్మకం. అరవై దాటిన మనిషి, మొక్కలు మోయమంటే మోయలేడు. కొనేవాళ్ళతో మాట్లాడమంటే దెబ్బలాటకి దిగుతాడు.

ఇప్పుడా ట్రాక్టర్‌కి ఆయువు మూడింది. షోరూం అతను రెండు చిన్న ట్రాక్టర్లు తెచ్చి షెడ్డు ముందు పక్కపక్కనే నిలబెట్టాడు. ఒకటి గేర్లది, రెండోది గేర్లకి బదులు నూనె ఒత్తిడితో కదిలే హైడ్రోస్టాటిక్. రంగూ రూపూ చూస్తే కవలపిల్లలే.

"రెండూ నడిపి చూడండి. ఏది ఉంచమంటే అది ఉంచి, పాతది ఎక్కించుకుపోతాను," అన్నాడు.

"నువ్వు నడుపు బాబాయ్. నువ్వు ఏదంటే అదే," అంది అమ్మాయి. ఆమెకి నలభై ఏళ్ళు వచ్చినా ఆయనకి అమ్మాయే.

బాబాయి ముందు గేర్లది ఎక్కాడు. క్లచ్ మెత్తగా దిగింది, గేరు టక్కున పడింది. ఇలాంటి బండి మీద కూర్చోవడం చిన్నప్పటి స్నేహితుడు ఎదురుపడ్డట్టుంది. ఒక చుట్టు తిరిగి, ఇష్టం లేకుండానే దిగి, రెండోది ఎక్కాడు. ఎక్కగానే ఎడమకాలు అలవాటు చొప్పున పెడల్ కోసం వెతుక్కుంది.

"క్లచ్ ఏదయ్యా?"

"నడపడానికి దాంతో పని లేదండీ. అంతా కుడికాలే. ఈ పెడల్ నొక్కితే ముందుకి, ఆ పెడల్ నొక్కితే వెనక్కి. నొక్కినంత వేగం. కాలు తీస్తే ఆగిపోతుంది."

ఇదేం బండి, పిల్లల ఆటవస్తువా అనుకుంటూనే బాబాయి కుండీల వరసల్లోకి పోనిచ్చాడు. చివర మలుపు దగ్గర ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ జరపాలి. రోజుకి వందసార్లు చేసే పని అది. పాత బండి మీదైతే ప్రతిసారీ క్లచ్ తొక్కి గేరు మార్చాల్సిందే, సాయంత్రానికి తుంటి పీకేస్తుంది. ఇక్కడ పాదం కదిలిస్తే చాలు, ఒక్క ఆకు కూడా రాసుకోకుండా తిరిగిపోయింది. ఈ చోటికి ఇంతకన్నా మంచి బండి లేదని ఆయన మనసులో ఒప్పుకోక తప్పలేదు. ఆ వెంటనే, దీన్ని అమ్మాయి పది నిమిషాల్లో నడిపేస్తుందని కూడా తట్టింది. అప్పుడిక తన ఎడమకాలితో ఎవరికీ పని ఉండదు.

దిగి వచ్చి గొంతు సవరించుకున్నాడు.

"గేర్లదే తీసుకుందాం. రెండోది బరువు లాగడంలో తేలిపోతుంది. ఇంజిన్ బలం కొంత ఆ నూనెలోనే ఖర్చయిపోతుంది. నాగలి కట్టి పొద్దస్తమానం దున్నామనుకో, వేడెక్కుతుంది. ఏమయ్యా, అబద్ధమా?"

షోరూం అతను తలూపాడు. చెప్పిందంతా నిజమే. ఆ నర్సరీలో నాగలి కట్టేంత ఖాళీ నేలే లేదన్న మాట మాత్రం బాబాయి మింగేశాడు.

"సరే, గేర్లదే ఉంచండి," అంది అమ్మాయి నవ్వుతూ. "ఎలాగూ నడిపేది బాబాయే. నాకీ కాళ్ళ పని ఒంటబట్టదు. అప్పుడు చూశాంగా నా నిర్వాకం."

అప్పుడు అంటే రెండేళ్ళ కిందట. నేర్చుకుంటానని ఆమె పాత ట్రాక్టర్ ఎక్కింది. వెనక ట్రాలీ నిండా గులాబీ కుండీలు. బాబాయి పక్కన నిలబడి గేర్లు చెప్పాడు, బ్రేకు చెప్పాడు. క్లచ్ నిదానంగా వదులు అన్నాడే తప్ప, ఆ చివరి వేలెడు సంగతి చెప్పలేదు. మర్చిపోయి కాదు, కావాలనే. ఆమె సగం వదిలింది, కదల్లేదు. ముప్పావు వదిలింది, కదల్లేదు. విసుగొచ్చి కాలు తీసేసింది. బండి ఎగిరి పడింది, సగం కుండీలు నేలపాలయ్యాయి. "నా వల్ల కాదు బాబాయ్," అంది ఆమె పెంకులు ఏరుకుంటూ. "పోన్లే, నేనున్నాగా," అన్నాడు బాబాయి. అన్నాడే గానీ, ఆ పూట ఆయనకి ముద్ద దిగలేదు.

ఇప్పుడామె నవ్వు చూస్తుంటే ఆ పెంకులే కళ్ళముందు మెదిలాయి. షోరూం అతను అప్పటికే సంచిలోంచి కాగితాలు తీస్తున్నాడు.

"ఆగవయ్యా," అన్నాడు బాబాయి. "అమ్మాయ్, ఆరోజు తప్పు నీది కాదు. ఆ క్లచ్ చివర్లో పట్టుకుంటుందని నాకు తెలుసు. నీకు చెప్పలేదు."

"ఎందుకు?"

బాబాయి తన ఎడమకాలి వంక చూసుకున్నాడు. "నీకూ వచ్చేస్తే ఇక నాతో పనేముంటుంది అనిపించింది. ఇందాక దున్నడం గురించి చెప్పిందీ అందుకే. మనకి పనికొచ్చేది ఆ రెండోదే."

ఆమె పక్క కుండీలో ఎండిన ఆకొకటి తుంచి, నలిపి పడేసింది. తర్వాత వెళ్ళి హైడ్రోస్టాటిక్ ఎక్కింది. ముందుకి పోనిచ్చింది, వెనక్కి తెచ్చింది, వరసల మధ్య తిప్పి, బాబాయికి రెండడుగుల దూరంలో ఆపింది. ఆమె మొహం వెలిగిపోతోంది. ఆయన్ని చూడగానే కోపం గుర్తొచ్చింది.

"ఇదే ఉంచండి," అంది షోరూం అతనితో. "రెండేళ్ళు, బాబాయ్! రెండేళ్ళు నేను చేతకానిదాన్నని అనుకుంటూ తిరిగాను." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "డ్రైవర్ కావాలంటే ప్రకటన వేస్తే దొరుకుతాడు. బాబాయి ఎక్కడ దొరుకుతాడు? ఒక్కసారి అడిగితే చెప్పేదాన్నిగా!"

"తప్పయిపోయిందమ్మా," అన్నాడు ఆయన.

షెడ్డులో పాత ట్రాక్టర్, వెనక కుండీల ట్రాలీతో, పొద్దుటి నుంచీ అలాగే ఉంది. ఆమె వెళ్ళి దాని మీద కూర్చుంది.

"ఇది వెళ్ళిపోయేలోగా నేర్పు. ఈసారి మొత్తం చెప్పు."

షోరూం అతను గడియారం చూసుకోబోయి మానుకున్నాడు.

ఆమె క్లచ్ తొక్కి గేరు వేశాక, బాబాయి ఎడమవైపు నిలబడి, ఆమె పాదం మీద అరచెయ్యి వేశాడు. "వదులు. ఇంకా. కదల్లేదని కంగారుపడకు, అది కదలదు. ఇంకొంచెం... ఇదిగో, ఇక్కడ. సన్నగా వణుకు తెలిసిందా?"

"తెలిసింది."

ఆయన చెయ్యి తీసి వెనక్కి జరిగాడు. "ఇక వెంట్రుకవాసి వదులు."

ట్రాక్టర్ కదిలింది. ఆమె వెనక్కి తిరిగి చూడకుండా గేటు వైపు పోనిచ్చింది. బాబాయి ఉన్నచోటే నిలబడి ట్రాలీ వంక చూశాడు. ఒక్క కుండీ కూడా ఒరగలేదు.