మలుపురాయి మీద పైపు

ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఎనోక్ ట్రాంటర్ టీ హోటలు పైగదిలో బల్ల మీద పాత పేపర్లు పరిచి, సైకిల్ క్లబ్బు వాళ్ళ తోలు సీట్లన్నీ విప్పి వరసగా పెట్టేవాడు. ఒక్కోదానికి అడుగున మైనం పట్టించి, సీటు ముందు మొన కింది బోల్టు పావు చుట్టు బిగించి, పొయ్యికి బారెడు దూరంలో ఉంచేవాడు. వెచ్చబడ్డాక సీట్లు తాము తిరిగిన దారి వాసనలు ఒక్కటొక్కటిగా వదిలేవి. ముందు బీరు ఫ్యాక్టరీ, తర్వాత కాలవ, తర్వాత గొర్రెల మంద, కొత్తగా తారు పోసిన రోడ్డు. బర్మింగ్‌హామ్ చుట్టుపక్కల తోలు సీట్లు ఎప్పుడూ అంతే. మొగుడు ఏ దారిన తిరిగొచ్చాడో తెలుసుకోవడానికి అక్కడి ఆడవాళ్ళు అతని మొహం కాదు, సీటు చూస్తారు.

క్లబ్బు చేతిపుస్తకం రాసేది ఎనోకే. ఏ హోటల్లో వెన్న తాజాగా ఉంటుంది, ఏ సందు వానకి మునుగుతుంది, చక్రంలో విరిగిన చువ్వని ఆదివారం పూట ఎవరు మారుస్తారు, మంచినీళ్ళ కుళాయి ఎక్కడుంది, అన్నీ అందులో ఉంటాయి. మనుషులు చెప్పింది ఒక్కటీ రాయలేదు, సీట్లు చెప్పిందే రాశాడు. ఎనోక్‌కి అనుమానం ఉగ్గుపాలతో వచ్చింది. టీ కప్పు చేతికిస్తే, వాడిన ఆకునే మళ్ళీ మరిగించారేమోనని ముందు వాసన చూసేవాడు.

మే నెలలో ఆడవాళ్ళ యాభై మైళ్ళ పందెం జరిగింది. తెల్లవారుజామున, జోరు వానలో. రెండేసి నిమిషాల తేడాతో ఒక్కొక్కరే బయల్దేరాలి. పాతిక మైళ్ళ అవతల నాలుగు దార్ల కూడలిలో మలుపురాయి ఉంది. పందెగత్తెలు దాన్ని చుట్టి తమ నంబరు అరవాలి, అక్కడ నిలబడ్డ మనిషి పుస్తకంలో రాసుకోవాలి. ఆ మనిషి ఎనోక్.

ముప్ఫై ఒకటో నంబరు హెట్టీ ప్రోబర్ట్. సీట్ల ఫ్యాక్టరీలో రాగి మేకులు కొట్టే పిల్ల. క్లబ్బులో ఏ ఆడదీ చేరనంత తొందరగా, రెండు గంటల పద్దెనిమిది నిమిషాల్లో గమ్యం చేరింది. తీరా చూస్తే ఎనోక్ పుస్తకంలో ముప్ఫై ఒకటి లేదు.

"అడ్డదారి తొక్కింది," అన్నాడు ఎనోక్.

"రాయి చుట్టే వచ్చాను ట్రాంటర్ గారూ. వానలో ఎవరూ కనపడలేదు. రాయి మీద మీ టోపీ ఉంది, పొగ లేస్తోంది. కంచె వెనక ఉన్నారేమో అనుకుని గట్టిగానే అరిచాను."

"నేను పైపు తాగుతానని ఊరంతా తెలుసమ్మాయ్. పొగ చూశానని ఎవరైనా అంటారు."

క్లబ్బు పెద్ద బర్నార్డ్ పైక్ గడ్డం గోక్కున్నాడు. పందెం గెలిస్తే హెట్టీకి మేకుల బల్ల తప్పుతుంది. కొత్త సీట్లను రోడ్ల మీద నడిపి చూసే పని ఇస్తామని ఫ్యాక్టరీ వాళ్ళు మాటిచ్చారు. మోసం చేసిందని తేలితే ఇంకే క్లబ్బూ ఆమెను గడప తొక్కనివ్వదు.

"నా సీటు చూడండి," అంది హెట్టీ.

"చూద్దాం," అన్నాడు పైక్. "కానీ తడిసిపోయింది. ఇప్పుడు వేడి తగిలితే పగిలిపోతుంది. వారం ఆరనిద్దాం."

ఆ వారం ఎనోక్‌కి అన్నం సయించలేదు. ఎందుకంటే పుస్తకంలో రాయని సంగతి ఒకటుంది. మలుపు ముందే దారికి అడ్డంగా, దురద మొక్కలు కమ్మిన సందు ఒకటి ఉంది. రాయి చుట్టకుండా అందులోంచి దూరి తిరుగుదారి పట్టే దొంగల్ని పట్టాలని అతనికి ఏళ్ళ తరబడి కోరిక. వానకి ఇద్దరు పందెం మానుకోవడంతో ఆరు నిమిషాల ఖాళీ దొరికింది. తను అక్కడే ఉన్నట్టు కనిపించాలని టోపీ, వెలిగించిన పైపు రాతి మీద పెట్టి, టోపీ అంచు పైపు మీదికి కప్పి, సైకిలెక్కి, రోడ్డు కనపడనంత లోపలికి సందులో వెళ్ళి నక్కాడు. ఎవరూ రాలేదు, తిరిగి రాయి దగ్గరికొచ్చేశాడు. హెట్టీ అంత తొందరగా వస్తుందని అతని లెక్కలో లేదు.

'ఇంకేదో కన్నం ఉండుంటుంది, అందులోంచే దూరింది,' అని వారమంతా తనకి తాను చెప్పుకున్నాడు. లోకంలో అందరినీ అనుమానించాడు గానీ ఆ ఆరు నిమిషాలను అనుమానించడానికి మనసొప్పలేదు.

ఆదివారం సీటు వాసన చూడటానికి ఆనీ గాడ్‌బీని పిలిచారు. నలభై ఏళ్ళు ఫ్యాక్టరీలో తోలు నానబెట్టిన ముసలమ్మ. ఆమె ముక్కు మాటకి ఆ చుట్టుపక్కల తిరుగులేదు. హెట్టీ సీటు పొయ్యి ముందు వెచ్చబడింది. ఆనీ కళ్ళు మూసుకుంది.

"పందుల దొడ్డి. రొట్టెల బట్టీ. రైలు గేటు. ఇదిగో, లవంగం కలిపిన పొగాకు." కళ్ళు తెరిచి ఎనోక్ వంక చూసింది. "నీదే. మలుపు తిరిగింది ఈ పిల్ల."

గదిలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. ఆనీ మాత్రం ఇంకా ముక్కు ఎగబీలుస్తూనే ఉంది.

"పైపు ఉంది. మనిషి లేడు. నువ్వు మోకాళ్ళకి రాసుకునే మందు వీధి చివరి నుంచే కొడుతుందే, అది ఇక్కడ లేదు. నీ సీటు ఏదయ్యా?"

"నాదెందుకు? అది ఇంకా తడిగానే ఉంది," అన్నాడు ఎనోక్.

"పోయిన వారం నా ముందే విప్పి నువ్వే ఆరబెట్టావుగా," అన్నాడు పైక్. వరస చివర్లో ఉన్న సీటు తీసి ఆనీ ముందు పెట్టాడు.

అది మెల్లగా వెచ్చబడింది. తర్వాత గదంతా తడి దురద మొక్కల వాసన కమ్ముకుంది. దాని మధ్యలోంచి మోకాళ్ళ మందు గుప్పుమంది. ఆనీ నోరు విప్పనక్కరలేకపోయింది.

 ఎనోక్ నలుగురి ముందు సిగ్గుతో చచ్చిపోయాడు. జేబులోంచి పుస్తకం తీసి ముప్ఫై ఒకటి రాశాడు. పుస్తకం పైక్ ముందుకు నెట్టాడు.

"మలుపు దగ్గర ఇంకెవర్నయినా పెట్టుకోండి."

"వానలో అంతసేపు ఇంకెవరు నిలబడతారు?" అంది హెట్టీ. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కోపం ఇంకా తగ్గలేదు. "మీరే నిలబడండి ట్రాంటర్ గారూ. సైకిలు మాత్రం ఇంటి దగ్గర పెట్టి రండి."

జూన్ పందెం నాటికి హెట్టీ మేకుల బల్ల వదిలేసింది. ఆమె సైకిలుకి ఫ్యాక్టరీ వాళ్ళ కొత్త సీటు, ఇంకా ఏ దారి వాసనా ఎరగనిది. ఆదివారం అంత పొద్దున్నే బస్సులుండవు. ఎనోక్ శనివారమే బస్సులో వెళ్ళి, దగ్గర్లోని ఊళ్ళో పడుకుని, తెల్లవారకముందే మూడు మైళ్ళు నడిచి మలుపురాయి దగ్గరికి చేరాడు. పైపు జేబులోనే ఉంచుకున్నాడు. సందు వైపు ఒక్కసారి మెడ తిరగబోయింది, ఆపుకున్నాడు.

"ముప్ఫై ఒకటి!" రాయి చుట్టి వెళ్తూ అరిచింది హెట్టీ.

"చూశానమ్మాయ్," అన్నాడు ఎనోక్. ఆమెకి వినపడలేదేమోనని రోడ్డు మధ్యకొచ్చి, వెళ్ళిపోతున్న ఆమె వెనక నుంచి మళ్ళీ గట్టిగా అరిచాడు. "చూశాను!"