రెండున్నర శ్రుతి

నేను హార్మనీ వాయిస్తాను. ఇరవై రెండేళ్ళు ఒకే గాయకుడి పక్కన. ఊరంతా ఆయన్ని పెద్దాయన అంటారు. నేను గురువుగారూ అంటాను. ఇంట్లో ఏమని తిట్టుకుంటానో ఇక్కడ చెప్పకూడదు.

రాజులు పోయినా రాజధాని డాబు పోని ఊరు మాది. ఏటా పదిరోజులు కోట ఆవరణలో సంగీతోత్సవాలు. ఆఖరి సాయంత్రం పెద్దాయనదే. పాటకి ముందు మైకు పట్టుకుని, "ముప్పై ఏళ్ళుగా ఇదే రెండున్నర శ్రుతి, వెంట్రుకవాసి దించలేదు" అనకపోతే ఆయనకి తోచదు. జనం చప్పట్లే చప్పట్లు.

దించింది నేనేగా! శ్రుతి అంకె తగ్గితే గొంతుకి అంత సుఖం. ఆయన గొంతు బరువెక్కినప్పుడల్లా నా చెవిలో ఊదేవాడు, నేను ఒక మెట్టు కిందికి జరిగేదాన్ని. చివరికి ఒకటి దగ్గర ఆగాం. ఆయనకీ, నాకూ, మృదంగం వాయించే అన్నయ్యకీ తప్ప నాలుగో మనిషికి తెలియదు. నేను నోరు విప్పితేగా!

ఉత్సవాల్లో పాడే కొత్తవాళ్ళని ఎంపిక చేసేదీ ఆయనే. ఓ ఏడు ఆ ఎంపికకి మా అమ్మాయి వెళ్ళింది. పందొమ్మిదేళ్ళ పిల్ల, జలుబుతో ముక్కు మూసుకుపోయి, ఐదున్నరలో పాడేది ఐదుకి దించుకుంది. ఆ గదిలో హార్మనీ దగ్గర కూర్చున్నది నేనే. పల్లవి పూర్తి కాకుండానే ఆయన చెయ్యెత్తాడు.

"శ్రుతి దించుకునేవాళ్ళకి ఈ వేదిక కాదమ్మా. ఇంట్లో జోలపాటలు పాడుకో."

పక్కనున్న కమిటీవాళ్ళు కిసుక్కున నవ్వారు. చెప్పేవన్నీ శ్రీరంగనీతులే! ఆయన అబద్ధాన్ని మోసిన ఈ చేతులు అప్పుడు కూడా మెట్లమీదే ఉన్నాయి. నేను కిమ్మనలేదు. దానికి నన్ను నేను ఎన్ని తిట్టుకున్నానో! పిల్ల ఆ రోజు నుంచి ఏడాదిపాటు స్నానాల గదిలో కూడా కూనిరాగం తీయలేదు. 

మళ్ళీ ఉత్సవాలొచ్చాయి. ఆఖరి సాయంత్రం అన్నయ్య మృదంగం సరిచేసుకుంటూ, "ఒకటేగా చెల్లెమ్మా?" అన్నాడు.

"రెండున్నర."

అన్నయ్య నా ముఖంలోకి చూశాడు. మా అమ్మాయి సంగతి ఆయనకీ తెలుసు. మృదంగం రెండున్నరకి బిగించాడు.

పెద్దాయన ఎప్పటిలా అందరూ కూర్చున్నాక వచ్చాడు. మైకు పట్టుకుని ఆ మాటా అన్నాడు. చప్పట్లు. ఆయన తన నోటితో చెప్పిన శ్రుతే నేను ఇచ్చాను.

మొదటి అక్షరానికే తెలిసిపోయింది ఆయనకి. పల్లవి ఎలాగో ఈడ్చాడు. మైకు పక్కకి నెట్టి, "ఒకటి, ఒకటి" అన్నాడు.

"మీరు రెండున్నరన్నారుగా గురువుగారూ. జనం విన్నారు."

ముఖాన నెత్తురుచుక్క లేదు. ఆపితే పరువు పోతుంది, పాడితే గొంతు పోతుంది. చరణంలో పైకెళ్ళాలి. వెళ్ళాడు. గొంతు జీరబోయి, చీలి, ఆగిపోయింది. రెండోసారి ఎత్తుకున్నాడు, గాలి తప్ప ఏమీ రాలేదు. ముందు వరుసలో ఎవరో నవ్వారు. ఆ కిసుక్కు నాకు విందుభోజనం. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకుని, "అమ్మా, నీకు దణ్ణం పెడతా" అన్నాడు. నేను అదే మెట్టు నొక్కి పట్టుకున్నాను.

ఆయన మళ్ళీ వేదికెక్కలేదు. కమిటీ మారింది. మరుసటేడు మా అమ్మాయి ఎంపికైంది. నేను హార్మనీ తుడుచుకుని కూర్చుంటే, అది గుమ్మంలో నిలబడి అంది:

"నాకు నువ్వు వాయించొద్దమ్మా."

"ఏమే, నీకోసమేగా చేసింది!"

"తెలుసు. ఆయనకి తగిన శాస్తే జరిగింది. కానీ నువ్వు పక్కనుంటే ఏం శ్రుతి ఇస్తావో అని చూసుకుంటూ ఉంటాను. అలా పాడలేను."

హార్మనీ మూత వేశాను. అయినా చేసినదానికి బాధపడ్డానా అంటే, లేదు. రేపు మళ్ళీ అవకాశమొస్తే మూడు శ్రుతిలో వాయిస్తా.

నిన్న అమ్మాయి పాడింది. నేను ఆరో వరుసలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఎవరో కొత్తావిడ వాయించింది, రెండుచోట్ల తడబడింది కూడా. అమ్మాయి కళ్ళు మూసుకుని పాడుతూనే ఉంది, ఒక్కసారైనా ఆవిడ వైపు తిరిగి చూడలేదు.