ఒక్క తలకే కాపలా

నేను హెల్మెట్‌ని. పుస్తకాల్లో నన్ను శిరస్త్రాణం అంటారట. ఆ పేరుతో పిలిచినవాళ్లు ఇంతవరకూ నాకు తగల్లేదు. ఒకసారి దెబ్బ తిన్నదాన్ని మళ్లీ పెట్టుకోకూడదట, అందుకే ఇప్పుడు పాత సామాన్ల కొట్లో, సొట్టలు పడ్డ బిందెల మధ్య బోర్లా పడున్నాను. బోర్లా ఉండటమే నయం. ఎవరికీ ముఖం చూపించాలని లేదు.

పుట్టినప్పుడు ఇంత సిగ్గు లేదు. ఫ్యాక్టరీలో నాకు గట్టి చిప్ప పోతపోసి, లోపల థర్మోకోల్ కూర్చి, మెత్త అతికి, గడ్డం కిందికి పట్టీ కుట్టారు. నాతోపాటు పుట్టినవాటిలో కొన్నింటిని ఇనుప తలకి తొడిగి ఎత్తునుంచి పడేసి చూశారు. గట్టివే అని తేల్చి మాకు ముద్ర వేశారు. ఇక ఏ తల దొరికినా కాపాడేస్తానని మిడిసిపడుతూ లారీ ఎక్కాను.

కాలవ గట్టున ఉన్న ఒక ఊళ్లో కొట్టుకి చేరాను. నన్ను కొన్న త్రిమూర్తులు షామియానాలు, కుర్చీలు అద్దెకిచ్చేవాడు. ఆయన భార్య మంగతాయారు పెళ్లిళ్లకీ గృహప్రవేశాలకీ వంట చేసేది. పోపు వేగిందో లేదో మూకుడు వైపు చూడకుండా, వాసన పట్టి చెప్పేస్తుందని చుట్టుపక్కల పేరు. ఆ వారం పోలీసులు గట్టిగా తనిఖీలు చేస్తున్నారు. లేకపోతే త్రిమూర్తులు ఆ కొట్టు గుమ్మం తొక్కేవాడు కాదు.

“అమ్మగారికి కూడా ఒకటి తీసుకోండి. వెనకాల కూర్చున్నోళ్లకీ రూలేనండి,” అన్నాడు కొట్టాయన.

తాయారు నా పక్కనున్న ఎర్రదాన్ని తీసి తలకి పెట్టుకుంది. అద్దంలో చూసుకుని ఫక్కున నవ్వింది. “బానే ఉందండీ. ఎండ కూడా తగల్దు.”

“కొప్పంతా అణిగిపోద్ది, తీసెయ్,” అన్నాడు త్రిమూర్తులు. “వెనకున్నోళ్లని ఎవడాపుతాడు? నేను నెమ్మదిగానే తోల్తాను కదా.”

ఆవిడ తీసి బల్లమీద పెట్టేసింది. ఆయన కొన్నది నన్నే కదా అని నేను పొంగిపోయాను. ఆ పొంగు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

త్రిమూర్తులు నన్ను తలమీద కంటే పెట్రోలు ట్యాంకు మీదే ఎక్కువ ఊరేగించాడు. నా లోపల వంకాయలు పోసుకున్నాడు, పెరుగు ప్యాకెట్లు పెట్టుకున్నాడు. దూరాన ఖాకీ చొక్కా కనబడితే మాత్రం గబుక్కున నెత్తికెక్కించుకునేవాడు. మనుషులకి తల మీద కంటే చలానా మీద భయం ఎక్కువని నాకప్పుడే తెలిసింది. “అమ్మగారిదేదండీ?” అని ఒకసారి కానిస్టేబులు అడిగితే, “పక్క వీధికేనండి,” అని నవ్వేశాడు. అతనూ నవ్వి వదిలేశాడు.

కోతల కాలం. రైతులు రోడ్డు మీద సగందాకా వడ్లు ఆరబోశారు. ఆ పొద్దున గృహప్రవేశం వంటకి ఇద్దరూ బయల్దేరారు. ముందు కూడలిలో పోలీసులు ఉంటారని నన్ను పెట్టుకున్నాడు. ఎదురుగా బస్సు రావడంతో బండి పక్కకి తిప్పాడు. చక్రం వడ్ల మీద జారింది.

ఆయన తల రోడ్డువార రాయికి కొట్టుకుంది. అంటే, కొట్టుకున్నది నేను. నా లోపలి థర్మోకోల్ నలిగింది, ఆయన తల నలగలేదు. లేచి కూర్చున్నాడు. తాయారు వెల్లకిలా పడి ఉంది. కొప్పు విడిపోయింది. జుట్టునిండా వడ్లు. కళ్లు తెరవలేదు. నన్ను తీయాలన్న ధ్యాస కూడా లేక, “తాయారూ!” అని అరిచాడు. ఆ అరుపంతా నా లోపలే మోగింది.

ఆవిడ బతికింది. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన కొన్నాళ్లకి, వీధి అరుగు మీంచి ఆయన కేకేశాడు. “తాయారూ, పాలు మాడిపోతన్నాయే!”

పొయ్యి పక్కనే కూరలు తరుగుతున్న తాయారు తలెత్తింది. “అవునా? నాకేం తెలీలేదేంటండీ?”

తల నేలకి కొట్టుకోవడంతో వాసన తెలిపే నరాలు దెబ్బతిన్నాయనీ, తిరిగి బాగవుతాయని చెప్పలేమనీ డాక్టరు అన్నాడు. ఆవిడ వంటలు ఒప్పుకోవడం మానేసింది. త్రిమూర్తులు ఆవిడకీ ఒక హెల్మెట్ కొన్నాడు. ఇచ్చినరోజు పెట్టుకుంది, ఒక్క మాట అనలేదు. తిట్టినా ఆయనకి కాస్త తేలిగ్గా ఉండేది.

అలాంటి సమయంలో ఎస్సైగారు ఆయన్ని భద్రతా సభకి పిలిచారు. వేదిక మీద నన్ను పైకెత్తి, “ఈయన ఇవాళ మీ ముందు నిలబడ్డాడంటే ఇదే కారణం!” అన్నారు. నా గీతలు చూసి జనం చప్పట్లు కొట్టారు. త్రిమూర్తులు మెడలో గులాబీల దండ వేశారు. ఆయన దణ్ణం పెట్టి, నోరు విప్పకుండా దిగిపోయాడు. నాకు భూమిలోకి కూరుకుపోవాలనిపించింది.

ఇంటికొచ్చి దండ తాయారు చేతికిచ్చాడు. ఆవిడ పాత అలవాటు కొద్దీ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంది.  తర్వాత రేకులు వేళ్లతో తడిమి, “తాజాగానే ఉన్నట్టున్నాయి,” అని మేకుకి తగిలించింది.

త్రిమూర్తులు నన్ను ఒళ్లో పెట్టుకుని కూలబడ్డాడు. 

“రేపు ఎస్సైగారిని మైకడుగుతాను తాయారూ. నీ సంగతి చెప్పొచ్చా?”

ఆవిడ ఆలోచించింది. “చెప్పండి. కొప్పు సంగతి కూడా చెప్పండి.”

మర్నాడు కూడలిలో ఎస్సైగారు బళ్లు ఆపించి మైకిచ్చారు. త్రిమూర్తులు నన్ను పైకెత్తి చూపించాడు.

“ఇది నా తల కాపాడిందండి. మా ఆవిడ కూడా ఒకటి పెట్టుకుంటే, కొప్పు అణిగిపోద్దని నేనే తీయించేశాను. ఇద్దరం ఒకే బండి మీంచి పడ్డాం. ఇప్పుడావిడకి గులాబీ వాసన తెలీదు. మీరేమో నాకు దండ వేశారు.”

ఈసారి చప్పట్లు పడలేదు. బళ్ల మీదున్న మగవాళ్లు చాలామంది తలలు వంచుకున్నారు. వాళ్ల వెనక కూర్చున్న ఆడవాళ్లు మాత్రం తలెత్తి ఆయన్నే చూస్తున్నారు.