ఎవరిదో బండి

బావ బొటనవేలు తెగిందని అక్క ఫోన్ చేస్తే చెక్కాయన చేతిలో పని వదిలేసి వెళ్ళాడు.

అతన్ని వీధిలో అందరూ చెక్కాయన అనే అంటారు. పాత బీరువాలూ బల్లలూ తలుపులూ గీకి, మళ్ళీ వార్నిష్ పట్టించడం ముప్పై ఏళ్ళుగా అతని పని. గోళ్ళ చుట్టూ ఇంకిపోయిన గోధుమరంగు ఏ సబ్బుకీ లొంగలేదు. "నిన్ను గీకితే లోపల కూడా చెక్కే ఉంటుందిరా" అని బావ ఏడిపించేవాడు, మాట తిన్నగా ఉన్న రోజుల్లో.

బావ డ్రైవింగ్ మాస్టారు. ఊళ్ళో సగంమందికి స్టీరింగు పట్టుకోవడం ఆయనే నేర్పాడు. మిగతా సగంమంది ఆ సగాన్ని చూసి పక్కకి గెంతడం నేర్చుకున్నారని అక్క అనేది. నాలుగేళ్ళ కిందట ఆయనకి మతిమరుపు మొదలైంది. ముందు వీధుల పేర్లు పోయాయి, తర్వాత మనుషుల పేర్లు, ఆ తర్వాత మనుషులే పోయారు. అక్కని ఒకపూట "అమ్మా" అనేవాడు, ఒకపూట "ఏవండీ" అనేవాడు. ఆమె రెంటికీ పలికేది.

ఆయనకి మిగిలిందల్లా కారు. పాతకాలపు బండి. డాష్‌బోర్డుకీ, గేరు చుట్టూ, తలుపుల పై అంచులకీ నిజమైన చెక్క వేసిన రకం. బ్యాటరీ తీసేసి, తాళంచెవి టీపొడి డబ్బాలో దాచి రెండేళ్ళయింది. అయినా రోజూ పొద్దున పదయ్యేసరికి ఆయన షెడ్డులోకి వెళ్ళి డ్రైవరు సీట్లో కూర్చునేవాడు. ఒక చెయ్యి స్టీరింగు మీద ఉండేది. రెండో చేతి బొటనవేలు తలుపు అంచు చెక్క మీద ముందుకీ వెనక్కీ నడుస్తూ ఉండేది. ఒంటిగంట దాకా కదిలేవాడు కాదు. ఆ మూడు గంటల్లోనే అక్క స్నానం చేసేది, వంట చేసేది, వీలైతే ఓ కునుకు తీసేది.

ఇప్పుడా చెక్క మీది వార్నిష్ ఎండి, చేప పొలుసుల్లా లేచింది. ఒక పొలుసు వేలిలో దిగింది.

"ఆ వేలు ఆడే జానెడు మేర నున్నగా చేసి వదిలెయ్యి. ఇంకేం వద్దు," అంది అక్క. "రెండు రోజులకంటే ఎక్కువ ఆయన్ని కారుకి దూరంగా ఉంచడం నావల్ల కాదు."

చెక్కాయన షెడ్డులోకి వెళ్ళి బావ పక్క సీట్లో కూర్చున్నాడు. బావ కట్టుకట్టిన వేలితోనే చెక్కని తడుముతున్నాడు.

"సీటు ముందుకి జరుపుకోండి. కాలు అందాలి," అన్నాడు.

"నేను, బావా."

బావ మర్యాదగా నవ్వాడు. కొత్తవాళ్ళని చూసి నవ్వే నవ్వు అది. "ఈ చెక్క సంగతి చూడ్డానికి వచ్చారా? మీకెందుకండీ శ్రమ. మా బావమరిది ఉన్నాడు. మంచి పనిమంతుడు. మొత్తం కొత్తదానిలా చేసిపెడతానన్నాడు. వస్తాడు."

పదేళ్ళ కిందట బావ అడిగినప్పుడు చెక్కాయన అన్న మాటే అది. "కొత్తదానిలా చేసిపెడతాను బావా, ఈ బీరువా ఒకటి అవనివ్వండి" అన్నాడు. ఆ బీరువా అయింది. దాని వెనక వంద బీరువాలు అయ్యాయి. బావ రెండోసారి అడగలేదు, అతనూ ఆ మాట ఎత్తలేదు.

బయటికి వచ్చి అక్కతో, "మొత్తం చేస్తాను," అన్నాడు.

"గోటితో పోయేదానికి గొడ్డలెందుకురా?"

"ఆ జానెడే చేస్తే అదొక్కటే మెరుస్తుంది, మిగతాదంతా పాచిపళ్ళలా కనబడుతుంది. ఆయన అడిగింది అది కాదక్కా. మూడు వారాలు ఓపిక పట్టు."

అక్క అతని మొహంలోకి చూసింది. ఆ రోజు ఆమెకి వాదించే ఓపిక లేదు. "నీ ఇష్టం," అంది.

మర్నాడు బావ లేవకముందే అతను వచ్చి స్క్రూలు విప్పి, తొమ్మిది ముక్కల్నీ దుప్పట్లో చుట్టి తన దుకాణానికి తీసుకుపోయాడు. పదింటికి బావ షెడ్డులోకి వెళ్ళాడు. డాష్‌బోర్డు ఉండాల్సిన చోట కన్నాలు, కన్నాల్లోంచి వేలాడే తీగలు కనిపించాయి. "దొంగలు పడ్డారండీ" అని పక్కింటాయనకి చెప్పడానికి చెప్పుల్లేకుండా పరుగెత్తాడు. అక్క షెడ్డుకి తాళం వేసింది. ఆ రోజు నుంచి ఆయన పొద్దున పదింటి నుంచీ ఆ తాళం ముందే నిలబడేవాడు. పిల్లలు లైసెన్సు పరీక్షకి ఎదురుచూస్తున్నారని, తాళం తియ్యమని బతిమాలేవాడు. ఒకరోజు బతిమాలడం మాని అక్కని తోసేశాడు. ఆమె మెడ దగ్గర కమిలిన చోటు కనబడకుండా వారంరోజులు తువ్వాలు చుట్టుకుని తిరిగింది. తమ్ముడు ఫోన్ చేసినప్పుడల్లా "బానే ఉన్నాం, నీ పని కానియ్యి" అంది.

అక్కడ దుకాణంలో చెక్కాయనకి లోకం పట్టలేదు. వేడిగాలి కొట్టి పాత వార్నిష్‌ని ఉబ్బించి, వెడల్పాటి బ్లేడుతో మెల్లగా లేపాడు. పైకి అంతా చెక్కలా కనబడుతుందిగాని అసలు చెక్క ఉల్లిపొరంత. దాని కింద ఉన్నది మామూలు ప్లైవుడ్డు. ఉప్పుకాగితం ఒక్క రుద్దు ఎక్కువైతే పొర చిరిగి కిందిది బయటపడుతుంది. ఇక దానికి మందు లేదు. ఊపిరి బిగబట్టి రుద్దాడు.

డ్రైవరు తలుపు ముక్క అన్నిటికంటే ఏడిపించింది. బొటనవేలు నడిచిన చోట చెమటా జిడ్డూ ఏళ్ళతరబడి ఇంకి, చింతగింజ రంగులో ఒక మచ్చ పడింది. మచ్చ మధ్య చెక్క చిన్న దొన్నెలా అరిగింది. చెక్కాయన దానికోసం నాలుగు రోజులు పెట్టాడు. మందు పూసి మచ్చని తెల్లబరిచాడు. గుంటని లక్కతో పూడ్చాడు. పక్కనున్న గీతల్ని చూసి, సన్నటి కుంచెతో ఆ పూడిక మీద గీతలు గీశాడు. ఆఖరికి తనకే ఆ చోటు ఎక్కడుందో కనబడలేదు. ఆ రోజు ఈల వేసుకుంటూ ఇంటికి వెళ్ళాడు.

తర్వాత పన్నెండు పూతలు వేశాడు. ఒక్కో పూత ఆరడానికి ఒక రోజు. పూతకీ పూతకీ మధ్య నీళ్ళు చల్లి రుద్దాడు. చివరి పూత ఆరాక చెక్క తేనెలో ముంచి తీసినట్టుంది. ముప్పై ఏళ్ళలో ఇలాంటి పని చెయ్యలేదు అనుకున్నాడు. నిజంగానే చెయ్యలేదు.

ఇరవైమూడో రోజున ముక్కలన్నీ బిగించి అక్కని పిలిచాడు. ఆమె లోపలికి తొంగిచూసి, "ఎంత బాగుందిరా" అంది. చాలా రోజుల తర్వాత ఆమె మొహం విప్పారింది. వెళ్ళి బావని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

బావ కారు తలుపు తీసి కూర్చున్నాడు. ఒక చెయ్యి స్టీరింగు మీదికి వెళ్ళింది. రెండో చేతి బొటనవేలు తలుపు అంచు మీదికి వెళ్ళింది. అక్కడ ముందుకి జరిగింది, వెనక్కి జరిగింది, ఆగింది. మళ్ళీ మొదటినుంచి వెతికింది. బావ తలవంచి అంచుని చూశాడు. డాష్‌బోర్డు చూశాడు. చెయ్యి స్టీరింగు మీంచి తీసేశాడు.

"ఈ బండి ఎవరిదండీ?" అని అడిగాడు.

"మీదే, బావా."

"అబ్బే." బావ గొంతు తగ్గించాడు. "చాలా ఖరీదైన బండి. వాళ్ళు వచ్చేలోపు దిగిపోదాం. చూస్తే బాగుండదు."

దిగి, జేబులోంచి రుమాలు తీశాడు. తన వేలు తగిలిన మేరంతా, మరక కనబడకుండా, జాగ్రత్తగా తుడిచాడు. తలుపు చప్పుడు కాకుండా వేశాడు. అప్పుడు అక్క వైపు తిరిగి, "నా బండి ఎక్కడ పెట్టారు?" అని అడిగాడు.

అక్క చెక్కాయన వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండునని అతనికి తర్వాత చాలాసార్లు అనిపించింది.

నాలుగు రోజులు వరసగా పదింటికి తెచ్చి కూర్చోబెట్టబోయారు. ఆయన నాలుగు రోజులూ కూర్చోలేదు. అయిదోరోజు చెక్కాయన చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాడు. తలుపు అంచు మీది పన్నెండు పూతల్నీ ఉప్పుకాగితంతో తనే గీకాడు. లక్క తవ్వి గుంట చేశాడు. టీ డికాషన్, బూటు పాలిష్, తన అరచేతి చెమట కలిపి రుద్ది మచ్చ తెప్పించాలని చూశాడు. ఎంత బాగు చెయ్యగలడో అతనికి తెలుసు. పాడు చెయ్యడం మాత్రం ఎన్నడూ నేర్చుకోలేదు. ఆ మచ్చ నిన్న తగిలిన దెబ్బలా ఉంది.

బావ వచ్చి చూశాడు. వేలు పెట్టి తడిమాడు. నొచ్చుకున్నాడు.

"అయ్యో, ఎవరో గీకేశారు. అంత మంచి చెక్కని. ఆయన చూస్తే ఎంత బాధపడతాడో," అన్నాడు.

చెక్కాయన షెడ్డు గోడకి ఆనుకుని కింద కూర్చుండిపోయాడు. బావ దగ్గరికి వచ్చి, "మీ బండా బాబూ?" అని భుజం మీద చెయ్యి వేశాడు.

ఆ తర్వాత బావ కారుని వెతకడం మొదలుపెట్టాడు. ఒకనాటి మధ్యాహ్నం అక్క దండెం మీద బట్టలు ఆరేస్తూండగా గేటు తీసుకుని వెళ్ళిపోయాడు. అక్కాతమ్ముళ్ళు చెరోవైపు మూడు గంటలు వెతికారు. ఆఖరికి బేకరీ నడిపే ఆమె ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

"మా వీధిలో ఆగున్న కార్ల వెంట నడుస్తున్నాడమ్మా," అంది. "ఒక్కో కారు దగ్గరా ఆగి, తలుపు తీసి, లోపల బొటనవేలితో తడుముతున్నాడు. తలుపు రాకపోతే ముందుకి పోతున్నాడు. ఎవరో దొంగనుకుని కొట్టారు. నేను చూసేసరికే కొట్టేశారు."

బావ చెంప మీద నాలుగు వేళ్ళు ఎర్రగా తేలి ఉన్నాయి. ఆయనకి అది గుర్తులేదు. మంచినీళ్ళు అడిగాడు.

అక్క గేటుకీ, వీధి తలుపుకీ తాళాలు వేసింది. ఇప్పుడు ఆయన రోజంతా ఇంట్లోనే గోడలవెంట తిరిగేవాడు. ఆమె వెనక తిరిగేది. రెండు నెలల్లో కారు మాట ఆయన నోటినుంచి పూర్తిగా పోయింది. దాంతోపాటే చాలా మాటలు పోయాయి. చెంచా ఎందుకో మరిచిపోయాడు. డాక్టరమ్మ పరీక్ష చేసి, ఈ జబ్బు ఇలాగే మెట్లు దిగుతుందని, కారు వల్ల కాదని చెప్పింది.

చెక్కాయన ఆ మాటని వారంరోజులు చప్పరించాడు. ఒకరోజు వంటింట్లో అక్క కప్పులు తోముతుంటే, "డాక్టరమ్మ చెప్పింది విన్నావుగా. నేను ముట్టుకోకపోయినా ఇంతేనంట," అన్నాడు. అతనికి కావలసిందల్లా ఆమె అవుననడమే.

అక్క కప్పు బోర్లించింది.

"ఇంతే అయ్యేదేమో. కాకపోతే ఇంకో రెండు నెలలు కూర్చునేవాడు. మూడేమో. ఆ మూడు నెలలూ నాకు కావాలిరా."

"ఆయన అడిగాడక్కా. మొత్తం చెయ్యమని."

"ఆయనెప్పుడో అడిగాడు. నేను మొన్న అడిగాను." ఆమె గొంతులో కోపం లేదు. అలసట తప్ప ఏమీ లేదు. "పోనీలే. ఇప్పుడెందుకు. నాలుగు దాకా ఉండగలవా? తల తిరుగుతోంది, కాస్త నడుం వాలుస్తాను."

ఆమె లోపలికి వెళ్ళి పడుకుంది. చెక్కాయన ముందుగదిలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. బావ వీధి తలుపు దగ్గరికి వెళ్ళి గడియ లాగాడు. చెక్కాయన లేచి ఆయన్ని తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. కాసేపటికి ఆయన మళ్ళీ లేచాడు. అతనూ లేచాడు. నాలుగోసారో అయిదోసారో బావ తలుపుకేసి చూపించి, "తాళం పడిపోయింది. ఎవరినైనా పిలవండి," అన్నాడు.

"పిలిచాను. వస్తున్నారు," అన్నాడు చెక్కాయన.

బావ తల ఊపి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బుద్ధిగా ఎదురుచూశాడు. రెండు నిమిషాలకి మళ్ళీ లేచాడు.